ఇంటికాడ అడుగు

మా ఆయన మారిపోయిన సంగతి నల్గొండ నుంచి దేవరకొండ దాకా రోడ్డుకు రెండు పక్కలా ఉన్న ఊళ్లన్నిటికీ తెలుసు. ఆయనే చెప్పాడు, మైకు పట్టుకొని. ముందు ఎంత దుర్మార్గుడో, తర్వాత ఎంత మంచివాడయ్యాడో వినడానికి జనం చాపలు తెచ్చుకొని మరీ కూర్చునేవారు. ఆ దుర్మార్గమంతా ఎవరి మీద జరిగిందో ఆ మనిషిని నేను. ఏడేళ్లపాటు ఆడవాళ్ల వైపు మూడో వరుసలో కూర్చొని నా బతుకు గురించి నేనే విన్నాను. నేను కోరుకున్నది ఒక్కటే. ఆ చెప్పేదేదో ఒక్కసారి మైకు లేకుండా, నా మొహం చూసి, నాతో చెప్పాలని.

ఆయనది బోరు మోటార్ల పని. కాలిపోయిన మోటార్లను బోరులోంచి పైకి లాగి, వైండింగు మార్చి, మళ్లీ దింపుతాడు. ఎండాకాలం వస్తే ఊపిరాడని పని. మోటారు నడిచి నీళ్లు పడ్డ సంతోషంలో రైతు సీసా తెప్పించేవాడు, ఈయన తాగేవాడు, ఇంటికొచ్చి నన్ను కొట్టేవాడు. ఒకసారి దెబ్బ ఎడమ చెవి మీద పడింది. లోపల పొర చిరిగిందన్నాడు నల్గొండ డాక్టరు. మళ్లీ అతుక్కోలేదు, ఆ చెవి వినడం మానేసింది. నేను అంగన్‌వాడీ టీచర్ని. మర్నాడు చెవిలో దూది పెట్టుకొని సెంటరుకు పోతే పిల్లలు ఏమైందని అడిగారు. చీమ దూరిందని చెప్పాను. నెల రోజులపాటు ఆ పసివాళ్లు పొద్దున రాగానే చీమ బయటికొచ్చిందా టీచర్ అని అడిగేవారు.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన మరుసటేడు ఆయనకు కామెర్లు ముదిరాయి. కళ్లు పచ్చబడి, కడుపు ఉబ్బితే దవాఖానలో చేర్చాం. ఇంకో చుక్క పడితే మనిషి దక్కడని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. పక్క మంచం రోగి కోసం ప్రార్థన చేయడానికి వచ్చిన పాస్టరయ్య మా మంచం దగ్గర కూడా ఆగాడు. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుంటే, ఎన్నడూ ఏడవని మనిషి దుప్పటి నోట్లో కుక్కుకొని ఏడ్చాడు. అబద్ధం ఎందుకాడాలి, ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆయన చుక్క ముట్టలేదు. నా మీద చెయ్యి ఎత్తలేదు. అది దేవుడు చేసిన పని అని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

ఇద్దరం ఒకే రోజు నందికొండ దగ్గర కృష్ణలో బాప్తిస్మం తీసుకున్నాం. మొగుడు మునిగాడని మునిగినదాన్ని కాదు నేను. ఆరు నెలలు వాక్యం చదివి, అర్థం కానిచోట పాస్టరమ్మను విసిగించి, నమ్మి మునిగాను. బొట్టు తీసేశానని తల్లిగారింట్లో చాలా రోజులు నాతో మాట్లాడలేదు. సేద్యం చేసుకుని బతికే మన ఇండ్లల్లో ఎవరూ చెయ్యని పని చేశావని మా అన్న తిట్టిపోశాడు. అన్నీ పడ్డాను. మా అత్తమ్మ మాత్రం ఒక్క మాటా అనలేదు. ఆమె ఏనాడూ మా చర్చిలో అడుగు పెట్టలేదు, తన దేవుళ్లకు తను దీపం పెట్టుకునేది. కొడుకు తాగుడు మానాడు, ఆమెకు అది చాలు.

మా సంఘంలో ఆరాధన మధ్యలో సాక్ష్యాలు ఉంటాయి. దేవుడు చేసిన మేలు ఏదైనా లేచి చెప్పవచ్చు. జ్వరం తగ్గిందని, తప్పిపోయిన బర్రె దొరికిందని, పింఛను మంజూరైందని, అన్నీ చెబుతారు. కొత్తగా మారినవాళ్ల సాక్ష్యానికి ఉండే గిరాకీ మాత్రం వేరు. ఒక ఆదివారం చెప్పమని పాస్టరయ్య మా ఆయనకు కబురు పెట్టాడు. మోటారు ఎందుకు కాలిందో గంటసేపు చెప్పగల మనిషి, తన గురించి చెప్పమంటే నావల్ల కాదన్నాడు. అప్పుడు నేనే కూర్చొని పేజీన్నర రాసిచ్చాను. తాగి నా భార్యను కొట్టేవాణ్ణి అని ఒక వాక్యం, దేవుడు నన్ను క్షమించాడు అని దాని వెంటే ఇంకో వాక్యం. రెండూ నా చేతిరాతే. ఆ రెండిటి మధ్య ఇంకొకటి ఉండాలని ఆ రోజు నాకు తట్టలేదు. అంతమంది ముందు చెప్పగలిగినవాడు ఇంటికొచ్చి నాతో చెప్పకుండా ఉంటాడా అనుకున్నాను. అంత పిచ్చిదాన్ని.

మొదటిసారి కాగితం చూసి చదివాడు. రెండోసారి మధ్య మధ్యలో చూశాడు. మూడోసారికి కాగితం అక్కర్లేకపోయింది. అక్కడి నుంచి సాక్ష్యం పెరగడం మొదలైంది. జుట్టు పట్టి వాకిలంతా ఈడ్చాననేవాడు. బావి దాకా తరిమి తోసేయబోయాననేవాడు. మా ఇంటి చుట్టుపక్కల ఎక్కడా బావే లేదు. నా కోసం నా భార్య ముప్పై రోజులు ఉపవాసముండి ప్రార్థించిందనేవాడు. ఆయన తాగుతున్న రోజుల్లో నాకు ప్రార్థన అంటే ఏమిటో తెలియదు. నేను పోలీసు స్టేషన్ మెట్ల మీద కూర్చొని లోపలికి పోవాలా వద్దా అని ఆలోచించినదాన్ని. జనానికి అదేం తెలుసు? తలలు తిప్పి నన్ను చూసి స్తోత్రం అనేవారు. పాస్టరయ్య లేచి నిలబడమంటే కొంగు తల మీదికి లాక్కొని నిలబడేదాన్ని. అబద్ధానికి నేను కూడా సాక్షినే అయ్యాను.

నిజంగా జరిగిన చెవి సంగతి మాత్రం ఆయన ఎక్కడా చెప్పలేదు. ఒకరోజు అన్నం పెడుతూ అడిగాను, జరగనివన్నీ అంత బాగా చెబుతున్నావే, జరిగింది ఎందుకు చెప్పవని. ఆయన ముద్ద కలుపుతూనే ఉన్నాడు.

"గంత చిన్నదాన్ని సాక్ష్యంల చెప్తరా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మందికి చెప్పకపోతే పోనీ, ఇన్నేళ్లలో నాకు ఒక్కసారైనా చెప్పావా అని అడిగాను.

"దేవుడే మాఫ్ చేసినంక ఇగ నీతోటి ఏమున్నదే?" అన్నాడు.

కోపంగా అన్నా బాగుండేది. ఆయన కోపంగా అనలేదు. నిజంగానే నాతో ఏమీ మిగల్లేదని అనుకున్నాడు. తిని, చెయ్యి కడుక్కొని, పనికి పోయాడు.

నేనేం మొండికెయ్యలేదు. క్షమించడానికి నా శక్తికొద్దీ ప్రయత్నించాను. శుక్రవారాలు పస్తులున్నాను. మధ్యాహ్నం సెంటరులో పిల్లలు పడుకున్నాక గోడ వైపు తిరిగి, క్షమించాను, క్షమించాను అని పెదాలు నొప్పి పుట్టేదాకా అన్నాను. అప్పటికి మనసు తేలికైనట్టే ఉండేది. ఆదివారం ఆయన మైకు పట్టుకొని గొంతు సవరించుకోగానే అంతా మళ్లీ మొదటికొచ్చేది. దేవుడికి సులువుగా అయిన పని నాకెందుకు కావడం లేదని ఏడ్చేదాన్ని. ఆయన తప్పు కన్నా నా పగే పెద్ద పాపమేమోనని భయపడ్డ రోజులున్నాయి.

నెల మొదటి ఆదివారం మాకు బల్లారాధన. పళ్లెంలో రొట్టె ముక్కలు, చిన్న చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం తెస్తారు. మనసులో ఎవరి మీదైనా పగ ఉంచుకొని దాన్ని ముట్టొద్దని పాస్టరయ్య ప్రతిసారీ హెచ్చరిస్తాడు. చాలామంది అది విని తల వంచుకొని, తల ఎత్తి తీసేసుకుంటారు. నాకు చేతకాలేదు. ఒక నెల పళ్లెం నా దగ్గరికి వస్తే నేను తీసుకోకుండా పక్కామెకు అందించాను. మరుసటి నెలా అంతే. అట్లా పదకొండు నెలలు బల్లకు దూరంగా ఉన్నాను. మగవాళ్ల వైపు మొదటి వరుసలో మా ఆయన మాత్రం ఒక్క నెలా తప్పలేదు.

మా సంఘంలో బల్ల తీసుకోని ఆడమనిషి అంటే ఏదో చేసిందనే లెక్క. సెంటరులో బొట్టు పెట్టుకుంటుందట అని ఒకామె అన్నది. తల్లిగారి ఊళ్లో జాతరకు పోయి కొబ్బరికాయ కొట్టిందట అని ఇంకొకామె. మూడో ఆమె అన్నది నేను ఇక్కడ రాయను. నన్ను కొట్టినవాడు వేదిక మీద ఉన్నాడు, దెబ్బలు తిన్నదాని నడత మీద విచారణ జరుగుతోంది. నవ్వొచ్చింది. ఇంటికి పోయాక ఏడుపొచ్చింది.

చివరికి పాస్టరయ్యే పిలిచి అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాను, ఆయన నన్ను ఒక్కసారి క్షమాపణ అడిగితే చాలు, ఆ వచ్చే నెలే బల్ల తీసుకుంటానని. పాస్టరయ్య చెడ్డవాడు కాదు. మా ఆయన్ను కూడా పిలిపించి కూర్చోబెట్టాడు. రెండు వందల మంది ముందర ప్రతి వారం ఒప్పుకుంటున్నాను, ఇంతకన్నా ఏం చెయ్యాలని మా ఆయన ఎదురడిగాడు. పాస్టరయ్యకు ఆ మాట సబబుగానే తోచింది. ఆయన అంత తగ్గించుకున్నాక మీరు కొంచెం తగ్గాలమ్మా అన్నాడు. బయటికొచ్చాక పాస్టరమ్మ నా చెయ్యి పట్టుకొని, మన ఆడోళ్లమే సర్దుకోవాలె అక్కా అన్నది. ఆమె కళ్లు చూస్తే ఆమె కూడా చాలానే సర్దుకున్నట్టు అనిపించింది.

అప్పుడొచ్చింది శుభ శుక్రవారం. ఆ రోజు పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన ఉంటుంది. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలను ఏడుగురికి పంచుతారు, ఒక్కొక్కరు లేచి ఒక్కో మాట మీద మాట్లాడాలి. ఏ మాట ఎవరికి వచ్చిందనేది మా సంఘంలో పెద్ద ముచ్చట. మొదటి మాట క్షమాపణ గురించి. దాన్ని మా ఆయనకిచ్చారు. వారం రోజులు ఆ మాట మీద చదివి, ఆలోచించి, తయారవ్వాలి కదా, ఆ చదివేటప్పుడైనా నేను గుర్తుకు రాకపోతానా అని ఆశ పడ్డాను. ఆయన రోజూ సాయంత్రం కళ్లద్దాలు పెట్టుకొని రాసుకున్నాడు. నేను చాయ్ ఇచ్చి అవతలికి పోయేదాన్ని.

ఆ రోజు రేకుల షెడ్డు కింద ఎండ మాడ్చేస్తోంది. పక్క ఊళ్ల నుంచి ఇంకో రెండు సంఘాల వాళ్లు వచ్చారు. అందరం తెల్లబట్టల్లో, పస్తులతో ఉన్నాం. మా ఆయన బాగా మాట్లాడాడు, కాదనను. ఆడవాళ్లు ముక్కులు చీదుకున్నారు. ముగించబోతూ ఆగి, ఈ రోజు నేను నా భార్యను అందరి ముందర క్షమాపణ అడుగుతానన్నాడు. షెడ్డంతా స్తోత్రాలతో మోగింది. పక్కామె నన్ను లేపి ముందుకు తోసింది. వేదిక ముందుకు పోయి నిలబడ్డాను. ఆయన వేదిక దిగి మోకాళ్ల మీద కూర్చున్నాడు. మోకాళ్లు నా వైపు ఉన్నాయి, మొహం మాత్రం జనం వైపు ఉంది. అప్పటికే పదిమంది ఫోన్లు పైకెత్తారు. నన్ను మాఫ్ చెయ్యి అని ఆయన మైకులో గట్టిగా అన్నాడు. పాస్టరయ్య ఆ మైకు తీసుకొని నా నోటి దగ్గర పెట్టాడు.

"ఇంటికాడ అడుగు," అన్నాను.

అంతకన్నా నేనేమీ అనలేదు. మైకు ఆ రెండు మాటలను రోడ్డు దాకా వినిపించింది. కీబోర్డు వాయించే అబ్బాయి పాట ఎత్తుకున్నాడు, అందరూ అందుకున్నారు. మిగిలిన ఆరు మాటలూ ఎవరూ సరిగా వినలేదనుకుంటాను. ఇద్దరం బండి మీద ఇంటికి పోయాం. వాకిట్లో దిగాక, నా ఇజ్జత్ తీసినవ్ అన్నాడు ఆయన. ఈస్టరు నాడు నాకు వందనాలు చెప్పినవాళ్లు నలుగురు కూడా లేరు.

మా అత్తమ్మ చెవిన కూడా పడింది ఈ సంగతి. తర్వాతి వారం ఆయన వాకిట్లో మోటారు విప్పుకొని కూర్చుంటే ఆమె పక్కన వచ్చి కూర్చున్నది. రాగితీగలు చూస్తూ అడిగింది.

"కొడుకా, మందికందరికి జెప్పినవట. దీనికి జెప్పినవా?"

నీకు తెల్వదు ఊకో అన్నాడు ఆయన. ఆమె ఊకుంది. నేను వంటింట్లో నిలబడి విన్నాను. ఏడేళ్లలో నా తరఫున ఆ ప్రశ్న అడిగిన మనిషి ఆమె ఒక్కతే. రోజూ ప్రార్థనల్లో ఆమె కూడా ప్రభువును నమ్ముకొని రక్షణ పొందాలని వేడుకునేదాన్ని నేను. ఆ రోజు ఆమె కాళ్లకు మొక్కాలనిపించింది.

మూడు రోజులు గడిచాయి. శనివారం సాయంత్రం నేను బియ్యం ఏరుతుంటే ఆయన వచ్చి నా ఎదురుగా పీట వేసుకొని కూర్చున్నాడు. ఫోను జేబులో పెట్టాడు. చేతులకింకా గ్రీజు ఉంది. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం, అత్తమ్మ పక్కింటికి పోయింది. ఆయన నా మొహం చూశాడు. పెళ్లయిన కొత్తలో తప్ప ఆయన అట్లా చూసిన గుర్తు లేదు నాకు. నేను చాట పక్కన పెట్టాను.

"మాఫ్ చెయ్యి," అన్నాడు.

నెమ్మదిగానే అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు జలజలా కారాయి. ఇన్నేళ్లు రాయిలా పేరుకుపోయిందనుకున్నది ఒక్క మాటకు కరిగిపోయింది. ఇదేనా, ఇంత సులువా, దీనికోసమా నేను ఇంత కాలం ఏడ్చింది అనిపించింది. చేశానని చెప్పడానికి నోరు తెరిచాను. మాట బయటికి రాకముందే ఆయన మళ్లీ అందుకున్నాడు.

"చేసినవా లేదా జెప్పు. పాస్టరయ్య ఇంటికాడ అడగమన్నడు. రేపు సాక్ష్యంల జెప్పాలె."

కొంగుతో మొహం తుడుచుకున్నాను. చాట తీసి మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాను.

"చెయ్యలె. గదే జెప్పుకో," అన్నాను.

ఆయన లేచి చేతులు కడుక్కోవడానికి పోయాడు. మర్నాడు నెల మొదటి ఆదివారం. ఆరాధనకు పోకూడదనుకున్నాను, కానీ నేనెందుకు మానాలి? పోయి నా మూడో వరుసలోనే కూర్చున్నాను. సాక్ష్యాల సమయం రాగానే ఆయన లేచి మైకు అందుకున్నాడు. నా భార్య నన్ను క్షమించింది, నిన్న మా ఇంట్లో కన్నీళ్లతో క్షమించింది అని చెప్పాడు. కన్నీళ్లు నిజమే మరి. చప్పట్లు, స్తోత్రాలు. పాస్టరయ్య కళ్లు తుడుచుకొని బల్ల మీది తెల్లగుడ్డ తీశాడు.

పళ్లెం తెచ్చిన సంఘపెద్ద నా ముందు మామూలుకన్నా ఎక్కువసేపు నిలబడ్డాడు. అందరూ నన్నే చూస్తున్నారు. చెయ్యి చాపితే చాలు, అన్నీ సర్దుకునేవి. ఆడవాళ్లు మళ్లీ పలకరించేవారు, మా ఆయన మొహాన నవ్వు వచ్చేది, నాకు పదకొండు నెలల ఆకలి తీరేది. అబద్ధం మీద పెట్టి ఇచ్చిన ఆ రొట్టెను నేను తీసుకోలేకపోయాను. లేచి నిలబడ్డాను. నేను మాఫ్ చెయ్యలేదు, ఆయన నన్ను అడగనే లేదు అన్నాను. మైకు లేదు కదా, నాకు ముందున్న రెండు వరుసలకు వినిపించిందేమో. అంతలోకే కీబోర్డు మొదలైంది. పళ్లెం నేనే పట్టుకొని పక్కామెకు అందించి కూర్చున్నాను.

ఇప్పటికీ ప్రతి ఆదివారం పోతాను, బల్ల ముట్టను. సంఘంలో ప్రార్థన అవసరాలు రాసే బోర్డు మీద, హృదయ కాఠిన్యం గల ఒక సహోదరి కోసం అని రాసి ఉంది. పేరు రాయలేదు, అందరికీ తెలుసు. ఆమె కోసం అందరూ కళ్లు మూసుకుంటే నేనూ మూసుకుంటాను. మా ఆయనకు పిలుపులు తగ్గలేదు. మారని భార్యతో ఓర్పుగా కాపురం చేస్తున్న సంగతి కూడా ఇప్పుడు సాక్ష్యంలో చేరింది.

పొద్దున్నే ఒక్కదాన్నే మోకరిస్తాను. క్షమించే మనసు ఇమ్మని అడగడం మానేశాను. అది నాకుందని ఆ శనివారం సాయంత్రం తెలిసిపోయింది, నోటి దాకా వచ్చింది కూడా. నాకు లేనిదల్లా నన్ను అడిగే మనిషి.